అయ్యగారు చెప్పిన గ్రీకు మాట

మా అయ్యగారు చనిపోయారు. పోయిన వారం ఒక రోజు పొద్దున బస్సులో ఉండగా, జర్మనీలోని మా తెలుగు సహవాసం వాట్సాప్ గ్రూపులో ఆ కబురు వచ్చింది. నిద్రలోనే పోయారట. ముందు రోజు సాయంత్రమే నాతో ఫోన్లో మాట్లాడారు. "కొండెక్కితే ఆయాసమొస్తోందమ్మా, ఈ జీగెన్ ఊళ్ళో కొండెక్కకుండా పాలు కూడా తెచ్చుకోలేం గదా" అని నవ్వారు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఎక్కడో దిగి, ఎదురు బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను.

ఆయన్ని ఎరగని వాళ్ళ కోసం నాకు తెలిసింది రాస్తున్నాను. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులుంటే సర్దుకోండి.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక జర్మన్ చర్చి వాళ్ళు ఇచ్చిన గదిలో మేం కొద్ది కుటుంబాలం, చదువుకునే పిల్లలు కలిసి ప్రార్థన చేసుకుంటాం. అయ్యగారే మా పాస్టరు, వాక్యం చెప్పేవారు. గుంటూరు వైపు పాస్టర్ల బడిలో, సువార్తలు మొదట రాసిన గ్రీకు భాష నేర్పినాయన. ఆయన భార్యకి, మా అమ్మగారికి, ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆమెతో వచ్చారు. "మా ఇంట్లో జీతం ఆవిడది, ప్రసంగం నాది" అనేవారు. "ప్రసంగం తగ్గిస్తే జీతం పెంచుతా" అనేది అమ్మగారు. ఎవరింట్లోనైనా టీ సాసరులో పోసుకుని, ఊదుకుంటూ, చప్పుడు చేస్తూ తాగేవారు.

రెండేళ్ళ కిందట మా అబ్బాయి పోయాడు. ఒక్కడే కొడుకు. ఇక్కడే యూనివర్సిటీలో చదివేవాడు. తలనొప్పి అని ఆసుపత్రికి వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. మావాళ్ళలో అది ఆనవాయితీ. పాటలు పాడి, వాక్యం చెప్పి, పోగొట్టుకున్న వాళ్ళకి ధైర్యం చెబుతారు. ఆ రోజు అందరూ నాకు ఒకటే మాట చెప్పారు. "ఏడవకు వదినా, ఏడిస్తే విశ్వాసం లేదనుకుంటారు." "మహిమలోకి వెళ్ళాడక్కా, నువ్వు సంతోషించాలి." చెప్పినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నా కోసం వంట చేసి తెచ్చినవాళ్ళే.

అయ్యగారు కూడా ఆ రోజు నాయీను ఊరి విధవరాలి కథే చెప్పారు. ఆమె ఒక్కగానొక్క కొడుకుని పాడె మీద మోసుకెళ్తుంటే యేసు ఎదురొచ్చి, ఏడవవద్దని చెప్పి, ఆ పిల్లవాణ్ణి లేపి ఆమెకి అప్పగించిన కథ. ఏడవవద్దన్న దగ్గర ఆయన గొంతు పెంచారు. నాకు ఆగలేదు.

"అయ్యగారూ, ఆమె కొడుకు లేచాడండీ. మావాడు లేవలేదు గదా. నేనెందుకు ఏడవకూడదు?"

ఆయన బైబిలు మూసేశారు.

ఆ తర్వాత నేను ఆదివారాలు వెళ్ళడం మానేశాను. ఏడుపు ఆగేది కాదు. ఏడ్చే మనిషికి దేవుడి దగ్గర చోటు లేకపోతే ఆ గదిలో నాకేం పని అనిపించేది.

ఒక రోజు అయ్యగారు ఒక్కరే వచ్చారు. మా ఆయన టర్కీ వాళ్ళ కొట్లో బోటి తెచ్చి, వండమని అడిగి పనికి వెళ్ళాడు. నేను వంటింట్లో పసుపు, వేడినీళ్ళు పోసి పేగులు కడుగుతున్నాను. ఆయన స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నారు.

"తల్లీ, ఆ రోజు నేను తప్పు చేశాను. ఏడవవద్దనడానికి ముందు అక్కడ ఇంకో మాట ఉంది. దాన్ని మింగేసి మీకు చివరిది చెప్పాను."

"ఏం మాటండీ?"

"మన బైబిల్లో కనికరపడి అని ఉంటుంది. గ్రీకులో ఎస్ప్లాంక్నిస్తే."

"నాకు నోరు తిరగదండీ."

"నోటితో పనిలేదులే." నా చేతుల్లో ఉన్నదాన్ని చూపించారు. "స్ప్లాంక్న అంటే ఇదే. లోపలి పేగులు, కార్జం అన్నీను. ఆ మాట ఇందులోంచే పుట్టింది. గట్టు మీద నిలబడి అయ్యో పాపం అనడం కాదు. మన ఇళ్ళల్లో కడుపు తరుక్కుపోయింది అంటాం చూడు, అదీ. సువార్తల్లో ఈ మాటని యేసు గురించే వాడారు, లేదంటే ఆయన చెప్పిన కథల్లో వాళ్ళ గురించి. దెబ్బలు తిని పడున్నవాణ్ణి చూసిన సమరయుడికి, తప్పిపోయిన కొడుకుని దూరాన్నుంచి చూసిన తండ్రికి."

నేను నీళ్ళు పారబోసి మళ్ళీ పోశాను.

"వరస చూడమ్మా. ముందు ఆమెని చూశాడు. కడుపు తరుక్కుపోయింది. ఆ తర్వాతే నోరు తెరిచాడు. ఆమె ఏమీ అడగలేదు, నమ్ముతున్నానని కూడా చెప్పలేదు. ఏడుస్తూ నడుస్తోంది, అంతే. ఆ ఏడుపు చూసే ఆయన ఆగాడు."

"మరి మావాడి దగ్గర ఎందుకు ఆగలేదండీ?"

"నాకు తెలియదు తల్లీ. గ్రీకులో కూడా లేదు."

ఆ జవాబుకి నేను ఈనాటికీ ఆయనకి రుణపడి ఉన్నాను. తెలుసని చెప్పి ఉంటే తలుపు వేసేసేదాన్ని. ఆయన ముందు ఏడ్చాను. ఆయనా ఏడ్చారు. కూర ఉడికేదాకా ఉండి, తిని, "కారం ఎక్కువైంది, కళ్ళ నీళ్ళకి కారణం దొరికింది" అని వెళ్ళారు.

ఆ ఆదివారం వెళ్ళాను. ఆయన అందరి ముందూ, "మన చెల్లెలి ఇంట్లో నేను తొందరపడ్డాను. ఇకమీదట చావింట్లో ముందు చూడటం, తర్వాత మాట" అన్నారు. అలాగే ఉన్నారు. ష్వైన్‌ఫర్ట్‌లో చదివే ఒకమ్మాయికి ఇండియాలో తండ్రి పోతే, నన్ను వెంటబెట్టుకుని రైల్లో వెళ్ళి, ఆమె పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. లేచేటప్పుడు ఒక చిన్న ప్రార్థన. తిరుగు రైల్లో "ఇవాళ నా ప్రసంగం ఎలా ఉంది?" అని అడిగారు.

మొన్న ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళాను. అమ్మగారు సోఫాలో బిగుసుకుని కూర్చుంది. "మీరే ఇలా అయితే మాకెవరు ధైర్యం చెబుతారు అమ్మగారూ" అంటున్నారు చుట్టూ. నేను ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "ఏడవండమ్మగారూ" అన్నాను. అంతే, ఆయన్ని పిలుస్తూ బావురుమంది. ఆదివారం మధ్యాహ్నం, ఈ దేశంలో ఇరుగుపొరుగుకి వినపడేలా చప్పుడు చెయ్యకూడని వేళ. కింద ఉండే ముసలి జర్మన్ ఆవిడ బెల్లు కొట్టింది. గొడవకొచ్చిందని అందరూ భయపడ్డారు. నేను తలుపు తీశాను. ఆమె లోపలికి వచ్చి, అమ్మగారి ముందు అతి కష్టం మీద మోకాళ్ళు వంచి, నేల మీద కూర్చుంది.