కుప్పానికి ఇచ్చిన బొమ్మ

ఆ ఏడాది నా కూతురి పుట్టినరోజుకు పార్టీ చేసేది లేదని నేను బడి సెలవులు ఇవ్వగానే తేల్చి చెప్పేశాను. అంతకు ముందు ఏడాది చేసిన పార్టీ నన్ను అంతగా ఏడిపించింది. ఎవరో తెచ్చిన నురగ స్ప్రేను గోడలకు కొట్టారు, ఫ్యానుకు కొట్టారు, మిద్దె మీదికి పోయి నా కనకాంబరాలకు కూడా కొట్టారు. కేకు సగం పిల్లల మొహాలకు, సగం సోఫాకు పోయింది. రిటర్న్ గిఫ్టు ఇవ్వడం కాస్త ఆలస్యమైతే ఒకడు నా కొంగు పట్టుకుని, "ఆంటీ, గిఫ్టు ఇస్తే నేను పోతా" అన్నాడు. ఆసుపత్రిలో పొద్దస్తమానం రక్తపరీక్షలు చేసి వచ్చి, ఇంట్లో ఆ జిగటంతా గీక్కుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. ఈసారి కేకు వద్దు, బెలూన్లు వద్దు, గుడికి పోయి వచ్చి పాయసం తాగుదాం అన్నాను. రెండో తరగతి పూర్తి చేసిన నా కూతురు మూతి ముడుచుకుని వింది.

అప్పటికి మా అత్త పుంగనూరు నుంచి మదనపల్లెకు, మా ఇంటికి, వచ్చి ఉంది. ఎండాకాలం సెలవుల్లో మనవరాలిని చూసుకునేది ఆమే. పిల్ల మొహం చూసి ఆమెకు ప్రాణం కొట్టుకుంది. "పార్టీ ల్యాకపోతే పోనీలేమ్మా, మనం బొమ్మల పెండ్లి సేద్దాము" అంది. మా కింది వాటాలో ఉన్నవాళ్ళ పిల్ల దగ్గర ప్లాస్టిక్ మగబొమ్మ ఒకటి ఉంది. వాడు పెళ్ళికొడుకు. పెళ్ళికూతుర్ని మనం కుట్టుకుంటే చాలు. పాత గుడ్డలతో పోయే పనే కదా, అరగంటలో పెళ్ళి, ఆ తర్వాత పాయసం అనుకుని నేను సరేనన్నాను. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం తప్పలేదన్న మాట నాకు అప్పుడు గుర్తు రాలేదు.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా తలదిండు పొట్ట విప్పి ఉంది. ఇల్లంతా బూరుగుదూది ఎగురుతోంది.

"నా దిండే దొరికిందా అత్తా నీకు?" అన్నాను.

"మిగిలినవన్నీ ఫోము దిండ్లు గదమ్మా. బొమ్మకు ఒంట్లో సత్తువ ఉండల్ల" అంది.

అత్త నీలం రంగు నేత చీర చింపి ఒళ్ళు కుట్టింది. నల్ల ఉన్నితో జడ అల్లింది. కళ్ళు నల్లదారంతో కుట్టింది గానీ, ఆమెకు చూపు సరిగా ఆనదు, ఒక కన్ను చిన్నగా ఇంకొకటి పెద్దగా వచ్చాయి. విప్పి మళ్ళీ కుడతానంటే నా కూతురు ఒప్పుకోలేదు. "ఒద్దవ్వా, నన్ను సూసేటప్పుడు అట్ల సేస్తాది" అంది. ఇక ఆ రోజు నుంచి బొమ్మ దాని చంకలోనే. స్నానానికి పోతే తలుపు బయట కూర్చోబెట్టేది. ముందు బొమ్మ నోటి దగ్గర ముద్ద పెట్టి, ఆ ముద్దే తను తినేది. నేను గొంతు చించుకోకుండా ఆ పిల్ల అన్నం తినడం అదే మొదలు. అందుకని దిండు సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

కానీ పెళ్ళి అక్కడితో ఆగుతుందా. ఐస్ పుల్లలతో పల్లకి, మందుల అట్టపెట్టెతో మంటపం, చాక్లెట్ కాగితాలతో తోరణాలు తయారయ్యాయి. ఫెవికాల్ నేలకు అంటుకుని గీకినా రాలేదు. మిద్దె మీద పెయింటు డబ్బాల్లో నేను పెంచుకున్న బంతిపూలు మొగ్గలతో సహా తెంపేశారు. ఇదంతా ఒక ఎత్తు, ఆ అరటిచెట్టు ఒక ఎత్తు. మా అన్న పొలం నుంచి పిలక తెచ్చి, నీళ్ళ డ్రమ్ములో మట్టి నింపి, చంటిపిల్లను సాకినట్టు సాకాను. నడుమెత్తు పెరిగింది. దాన్ని మొదలంటా నరికి, నిలువునా రెండుగా చీల్చి మంటపానికి అటూ ఇటూ కట్టారు. "అరటికంబాలు ల్యాకుండా పెండ్లి ఎట్లవతాది?" అని అత్త నన్నే అడిగింది.

కింది ఇంటావిడ తక్కువదా అంటే అదీ కాదు. ఒక సాయంత్రం పళ్ళెంలో పూలు, పండ్లు పెట్టుకుని మెట్లెక్కి వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది. "పెండ్లంటే మాటలు మాట్లాడుకోవల్ల గదక్కా" అంది. తమ వైపు నుంచి వీధిలో పిల్లలంతా వస్తారట. వాళ్ళు మగపెళ్ళివారు గనక మేము ఎదురు వెళ్ళి పానకం ఇవ్వాలట. నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదని చూసి మానుకున్నాను.

పెళ్ళి రోజున మిద్దె మీద షామియానా బదులు నా దుప్పట్లు కట్టారు. పెళ్ళికొడుకు కాళ్ళు కడగాల్సిందేనని అత్త పట్టుబట్టింది. మా ఆయన పళ్ళెం ముందు పెట్టుకుని ఆ ప్లాస్టిక్ బూట్లు కడిగాడు. అవి విప్పడానికి రావు, కాళ్ళతో పాటు పోతపోసినవి. "బూట్లతోనే పీటలమీదికి వచ్చినాడే, ఏం అల్లుడప్పా ఈయన" అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. కింది ఇంటావిడ మాత్రం, "మావాడు టౌన్లో పెరిగినోడన్నా" అంది.

అసలు గొడవ భోజనాల దగ్గర వచ్చింది. నేను చిత్రాన్నం, వడలు, పాయసం చేశాను. పిల్లలు ఆకలితో అరుస్తుంటే ముందు కూర్చున్నవాళ్ళకు ముందు పెట్టుకుంటూ పోయాను. పెళ్ళికొడుకు వైపు పిల్లలు రెండో పంక్తిలో పడ్డారు. అప్పటికి వడలు అయిపోయాయి. మగపెళ్ళివాళ్ళకు వడ లేదన్న మాట మిద్దె ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. పెళ్ళికొడుకేమో గడ్డం కూడా కదపలేని ప్లాస్టిక్ వాడు. వాడి తల్లి లెక్కన వచ్చిన కింది ఇంటావిడ మాత్రం పాయసం గ్లాసు ముట్టకుండా పక్కన పెట్టింది. నేను బతిమాలాను కూడా. ఒక బొమ్మ వియ్యపురాలిని బతిమాలుతూ నిలబడిన నన్ను చూసి నాకే విసుగొచ్చింది.

సరే, ఒక పని అయిపోయిందనుకుని గిన్నెలు దించబోతుంటే కింది ఇంటి పిల్ల నా కూతురి ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది.

"ఏంది?" అంది నా కూతురు.

"ఇయ్యి. మాయింటికి రావల్ల గదా" అంది ఆ పిల్ల.

నా కూతురు వాళ్ళ అవ్వ వైపు చూసింది. "అవునమ్మా. పెండ్లయినాక ఆడ ఉండేదే గదా" అంది అత్త. ఆ సంగతి దానికి ఎవరూ ముందుగా చెప్పలేదు. నాకూ తట్టలేదు. పెళ్ళంటే పూలు, పల్లకి, పాయసం అనుకుంది నా బిడ్డ. చుట్టూ పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. అత్త ఏదో అప్పగింతల పాట ఎత్తుకుంది. నా కూతురు బొమ్మ జడ సర్ది ఆ పిల్ల చేతిలో పెట్టేసింది. ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని వచ్చిన ఆడవాళ్ళంతా దాని గడ్డం పట్టుకుని మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండింది, కానీ ఎవరి మీదని చెప్పను.

బొమ్మ కింది ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఫరవాలేదు. నా కూతురు పొద్దున లేచి మొహం కడుక్కోకుండానే మెట్లు దిగి చూసి వచ్చేది. బళ్ళు తెరవబోతుండగా కింది ఇంటాయనకు కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని కుదిరింది. సామాన్ల ఆటో గేటు ముందు నిలబడింది. ఇక లాభం లేదని నేనే దిగి వెళ్ళాను. "మా బొమ్మను ఇచ్చేయమ్మా, పిల్ల దిగులు పెట్టుకునేసింది" అన్నాను.

"పెండ్లి సేసిచ్చిన పిల్లను ఎనక్కి అడుగుతారా అక్కా యాడన్నా" అంది ఆమె. నవ్వుతూనే అంది. "మగపెండ్లివాళ్ళకు వడ గూడా యెయ్యకుండా పంపించినారు. మేమేమన్నా అన్నామా?"

గుడ్డబొమ్మ కోసం ఇంకెంత సేపు తగవులాడను. పైకి వచ్చి అత్తతో చెప్పుకుంటే, "ఆయమ్మ సెప్పింది న్యాయమే గదా" అంది. బళ్ళు తెరవగానే అత్త పుంగనూరు వెళ్ళిపోయింది. నా కూతురు కంచం ముందు కూర్చుని గోడ వైపు చూసేది. కుప్పంలో ఎండ ఎక్కువా అని అడిగేది. అక్కడ బొమ్మను ఎవరి పక్కన పండబెట్టుకుంటారని అడిగేది. కొత్త బొమ్మ కొనిస్తానంటే తల అడ్డంగా ఊపేది. ఒక పూట నేను కసురుకున్నాను కూడా. కసిరితే దిగులు పోతుందా.

అట్లాంటప్పుడు అత్త పుంగనూరు నుంచి ఫోన్ చేసింది. "ఆషాడం వస్తాండాది. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండేదానికి ల్యా. మీరు పోయి పిల్సుకోని రావల్ల" అంది. ఆమె పెత్తనాల మీద నాకు ప్రేమ పుట్టడం అదే మొదటిసారి. శాస్త్రం చెప్పి తీసుకుపోయినవాళ్ళ దగ్గరి నుంచి శాస్త్రం చెప్పే తెచ్చుకోవాలి. ముల్లును ముల్లుతోనే తీయాలి.

ఆదివారం పూట తల్లీకూతుళ్ళం మిఠాయి పొట్లం పట్టుకుని కుప్పం బస్సెక్కాము. ఆవిడ ఆషాఢం మాట విని కాదనలేకపోయింది. బొమ్మను నిర్లక్ష్యంగా పడేసి ఉంటారు, నాలుగు మాటలతో దులిపేద్దామని నేను దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. బొమ్మకు పట్టుగుడ్డతో కొత్త పావడా కుట్టి ఉంది. మెడలో పూసల దండ ఉంది. ఆవిడ బొమ్మ నుదుట కుంకుమ పెట్టి, జడలో మల్లెమొగ్గలు తురిమి, నా కూతురి చేతికిచ్చింది. "శ్రావణం రాంగానే పంపించెయ్యండక్కా" అంది. ఆమె కూతురు గేటు దాకా వచ్చి బొమ్మకు టాటా చెప్పింది. ఆ పిల్ల కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

తిరుగు బస్సులో నా కూతురు బొమ్మను ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. పలమనేరు దాటాక నాకు నా సంగతి జ్ఞాపకానికి వచ్చింది. నా పుట్టిల్లు కుప్పమే, పాప పుట్టక ముందే మావాళ్ళు ఆ ఊరు వదిలేశారు. పుంగనూరికి ఇచ్చారు నన్ను. పెళ్ళయిన ఏడాది ఆషాఢానికి మా నాన్న వచ్చి, ఇదే దారిలో పిలుచుకుపోయాడు. నెల తిరగగానే మా అమ్మ సంచి సర్దింది. పెళ్ళిలో పంపినప్పుడు మేళాలు, చుట్టాలు, తొక్కిసలాట, ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ రెండోసారి వెళ్ళడమే కష్టం. సంచీ, నేను, బస్సు, అంతే. ఇంకొక వారం ఉంటానని అడగాలని ఉండింది. అడగలేదు. అమ్మా ఉండమనలేదు. అడగకూడదని ఇద్దరికీ ఎవరో చెప్పినట్టే ఉన్నాము.

ఆషాఢమంతా ఇల్లు ఇల్లులా ఉండింది. నా కూతురు రెండు పూటలా తింది. ఖాళీ అయిన పెయింటు డబ్బాల్లో కొత్తగా బంతి విత్తనాలు చల్లింది. బొమ్మను డబ్బా అంచున కూర్చోబెట్టి మొలకలకు కాపలా పెట్టింది. పట్టుపావడా నిండా మట్టి చేసిందని నేను అరిచాను. అరవడానికి కారణం దొరికినందుకు నాకు సంతోషంగానే ఉండింది.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికని అత్త వచ్చింది. ఆ పొద్దున కుప్పం నుంచి ఫోన్. "అక్కా, మా కోడల్ని ఎప్పుడు పంపిస్తాండారు?" అని. మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేశాను. నా కూతురు వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. లోపలికి పోయింది. కాసేపటికి తన బడి చెప్పుల అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున చేతిరుమాలు పరిచి, బొమ్మను పండబెట్టి, మట్టి పోయేలా ఉతికిన పావడా మడిచి పక్కన పెట్టింది.

"సూడు, ఎవరూ సెప్పకుండానే సర్దేసింది. బంగారు తల్లి" అంది అత్త.

నా కూతురు నా వైపే చూస్తూ, రేపు బడి ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది. "అమ్మా, నన్ను గూడా ఇట్లే ఆషాడానికి పిల్సుకొస్తావా?"

"యాల పిల్సుకురారు? మీ నాయన వస్తాడు పో" అని అత్త నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేతులకు పిండి అంటి ఉండగానే ఫోన్ తీసుకుని కుప్పంలో ఆ వియ్యపురాలికి చేశాను.

"అమ్మా, మేము బొమ్మను పంపడం ల్యా" అన్నాను.

"యాల అక్కా? ఏమైంది?"

"ఏమీ కాలేదు. పిల్ల ఈడనే ఉంటాది."

"అదేం మాటక్కా. బొమ్మల పెండ్లయినా పెండ్లి పెండ్లే గదా."

"అయితే అయింది. మా పాప పంపల్సిన పని ల్యా" అన్నాను. ఆవిడ ఇంకేదో అనబోయి ఫోన్ పెట్టేసింది. అత్త వ్రతం పీట కడుగుతున్న చెయ్యి ఆపి, ఈ కోడలికి ఏం వచ్చిందన్నట్టు నన్నే చూస్తోంది. తర్వాత మూతి తిప్పుకుని మిద్దె మీదికి వెళ్ళిపోయింది.

నా కూతురు అట్టపెట్టె మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చుని ఉంది.

"ఆంటీకి కోపమొచ్చిందా మా?"

"వచ్చింది."

"అవ్వకో?"

"అవ్వకూ వచ్చింది."

"నీకో?"

"నాకు ఎప్పుడో వచ్చింది" అన్నాను.