మిరప చేనుకు వెళ్లిన కాళు కాలు

2023 జనవరి. మహబూబాబాద్‌లో రైల్వే స్టేషనుకు పోయే దారిలో, ఎరువుల దుకాణానికి ఆనుకుని నా పశువుల క్లినిక్కు ఉంది. ఎరువులకూ బరువులకూ అలవాటైన వీధి కాబట్టి గేదెల్ని తోలుకొచ్చినా ఎవరూ ఏమీ అనరు. నేను ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నాను. నా పేషెంట్లకు నోరు లేదు కనుకనే నా ప్రాక్టీసుకు పేరు మిగిలిందని మా ఆవిడ అంటుంది. కాదనడానికి నా దగ్గర సాక్షులు లేరు. ఉన్నవాళ్లకు నోరు లేదు.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం క్లినిక్కు ముందు ఆటో ఆగింది. గోనెసంచి మీద పడుకోబెట్టిన నల్లకుక్కను ఒక యువతి రెండు చేతులా ఎత్తుకుని దిగింది. వెనకాల చంకలో పసిపిల్లతో ఒక ముసలామె. యువతి పేరు మంగ్లి, ముసలామె ఆమె అత్త సోమ్లి. కేసముద్రం దగ్గరి తండావాళ్లు. మార్కెట్ యార్డులో మక్కజొన్నల ట్రాక్టరు ఒకటి వెనక్కి వస్తూ కుక్క వెనక కాలి మీదుగా పోయిందట.

"పేరు?" అన్నాను.

"కాళు."

"కాలు సంగతి కనపడుతనే ఉంది బిడ్డా. కుక్క పేరు చెప్పు."

"దాని పేరే కాళు సారు. నల్లగుంటది గద."

సోమ్లి అవ్వ పక్కనుంచి అందుకుంది. "నా కాళ్లు గుంజుతున్నయని యాడాది సంది మొత్తుకుంటాన్న. ఒక్కలు దవాఖానకు తోలుకపోలే. దీనికి ఆటో కట్టిన్రు."

ఎక్స్‌రేలో తొడ ఎముక నడుమకు విరిగి ఉంది. తొడకు ప్లాస్టర్ కట్టు పనికిరాదు. కట్టు నిలవాలంటే విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న రెండు కీళ్లనూ కదలకుండా పట్టాలి. కుక్క తుంటిని అలా పట్టి ఉంచే కట్టు లేదు. అందుకని ఇంట్రామెడుల్లరీ పిన్ వేస్తాం. ఎముక లోపలి గుల్లలోకి పొడవునా దించే స్టీలు కడ్డీ అది. ఆపరేషన్ సాఫీగానే జరిగింది. నా హస్తవాసి అని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజానికి కుక్కది లేత వయసు, ఎముక శుభ్రంగా రెండు ముక్కలైంది.

ఇలాంటి ఆపరేషన్‌లో సగం పని క్లినిక్కులో, మిగతా సగం ఇంట్లో. తొడ ముందరి కండరం ఎముకకు అతుక్కుని బిగుసుకుపోయే ప్రమాదం ఒకటి ఉంటుంది. దాన్ని క్వాడ్రిసెప్స్ కాంట్రాక్చర్ అంటారు. అది వచ్చిందా, ఎముక అతికినా మోకాలు ముడుచుకోదు. కాలు కర్రలా వెనక్కి చాచుకుపోయి, కుక్క బతికినంతకాలం దాన్ని ఈడ్చుకుంటూ తిరగాలి. కొంతకాలం పోయాక కాలు తీసేయడం తప్ప దారి ఉండదు. దాన్ని ఆపే మందు లేదు. రోజూ పొద్దున, సాయంత్రం వేడిగుడ్డతో కాపడం పెట్టి, మోకాలిని మెల్లగా ముడిచి చాచాలి. మందు సీసాలో లేదు, ఇంటివాళ్ల చేతిలో ఉంది.

ఇదంతా మంగ్లికి చెప్పాను, చేసి చూపించాను. కుట్లు నాకకుండా మెడకు ఎలిజబెతన్ కాలర్ పెట్టాను; గరాటా ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పట్టీ అది. సోమ్లి అవ్వ చూసి, "పెండ్లి మైకు లెక్కుంది," అంది. పరుగులు, దూకుళ్లు వద్దన్నాను. మా వైపు ఏ పుండుకైనా ముందు ఆముదమో, పసరో, నూనెపసుపో పూస్తారు కాబట్టి గట్టిగా ఒక మాట చెప్పాను: "కుట్ల దగ్గరికి నూనె చుక్క గూడ రావద్దు."

మంగ్లి అన్నిటికీ తలూపింది. చివర్లో అడిగింది. "సారు, మేం వచ్చే వారం మిర్చి ఏరబోతం. మొగుళ్లపల్లి దిక్కు. ఎండలు ముదిరినంక వస్తం. గక్కడ చేస్తే నడుస్తదా?"

మిరప ఏరడానికి తండాలనుంచి కూలీల ముఠాలు ఒక మేస్త్రీ వెంట కదులుతాయి. పొయ్యి సామానుతో సహా ట్రాలీలో ఎక్కి పోయి, చేను గట్టున పరదా గుడిసెలు వేసుకుని కోత అయ్యేదాకా అక్కడే ఉంటారు. ముఠాలోంచి ఒక ఇల్లు ఆగితే ఆ ఏడు మళ్లీ చోటు దొరకదు.

"కుక్కను ఎవరి దగ్గరన్న ఇడిచిపోవచ్చు గద," అన్నాను.

"తండల ఎవలుంటరు సారు, అందరం పోతం. ఇంకోటి, చేన్ల చెట్టుకు ఉయ్యాల కట్టి పిల్లను పండబెడితే దాని కిందనే పంటది ఇది. పామొచ్చినా పందొచ్చినా ముందు దీన్ని దాటాలె. దీన్ని ఇడిచిపెట్టి నేను చేన్ల వంగి ఎట్ల ఏరాలె?"

ఇల్లే కదిలిపోతున్నప్పుడు ఇంటి వైద్యం కూడా కదలాల్సిందే. సరే అన్నాను. నా ఫోన్ నంబరు రాసిచ్చాను.

మొదటి ఫోన్లు బాగున్నాయి. వాళ్లు గుడిసెలు వేసుకుంటున్నారు, ఏరడం ఇంకా మొదలుకాలేదు. మంగ్లి కాపడం పెడుతుంటే కాళు కళ్లు మూసుకుని పడుకుంటోందట. మోకాలు ముడుస్తుంటే చెయ్యి నాకాలని చూస్తోందట, కాలర్ అడ్డమొస్తోందట.

తర్వాతి వారం గొంతు మారింది. "సారు, ముట్టుకోనిస్తలేదు. నేను దగ్గరికి పోతనే గుర్రుమంటాంది."

కడ్డీ పైకి జరిగి తుంటి దగ్గరి నరాన్ని గీకుతోందేమో అనుకున్నాను. అలా జరగడం కద్దు. నొప్పి మాత్ర మార్చాను. ఫలితం లేదు. చీము పడుతోందా అని ఫొటో అడిగాను. కుట్ల చుట్టూ గొరిగిన చర్మం ఎర్రగా ఉంది, చీము లేదు. యాంటీబయాటిక్ చేర్చాను. ఎరుపు తగ్గలేదు. ఒక సాయంత్రం మంగ్లి భర్త శంకర్ వీడియో కాల్ చేశాడు. తెరలో మంగ్లి గుడ్డ పట్టుకుని వంగింది. చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండగానే కాళు చెవులు వెనక్కి వాల్చి, తాడు తెగేలా గుంజుకుంది. చెయ్యి పడకముందే నొప్పి పుట్టే జబ్బు నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు. చదవకుండా వదిలేసిన పేజీల్లో ఉందేమో తెలియదు.

ఆ వారం చివర శంకర్ మళ్లీ చేశాడు. "నిన్న కాలర్ ఊడదీసుకుని మంగ్లి చెయ్యి కరిచింది సారు. లోతుగ లేదు, సూది ఏపిచ్చినం. మేస్త్రీ ఊకుంటలేడు. పిల్లలు తిరిగే జాగల కరిచే కుక్క వద్దు, రోడ్డు మీద ఇడిచి రమ్మంటాండు."

"కాలు ఎట్లుంది?"

"బిగుసుకున్నది. ముడువొస్తలేదు."

నేను భయపడింది మొదలైందన్నమాట. ఆదివారం క్లినిక్కు మూసి, బస్సులు మారి, చివరన ఒక ఆటో పట్టుకుని మొగుళ్లపల్లి దాటి ఆ చేనుకు చేరాను.

మిరప కల్లం అంటే దూరంనుంచి ఎర్ర దుప్పటి పరిచినట్టు కంటికి ఇంపుగా ఉంటుంది. దగ్గరికి పోతే కంటికి ఇంపు పోయి మంట మిగులుతుంది. పది తుమ్ములు తుమ్మి గుడిసె చేరాను. పరదా నీడలో కాళు ఉంది. నన్ను చూసి తోక ఊపింది. తొడ నొక్కి చూశాను, తుంటి దగ్గర కడ్డీ కొస తడిమాను; కడ్డీ కదల్లేదు. అది మూలిగింది గానీ గుర్రుమనలేదు. మోకాలు మాత్రం సగానికి మించి ముడుచుకోవడం లేదు. ఇంకో పది పదిహేను రోజులు ఇలాగే ఉంటే ఇక ఎప్పటికీ ముడుచుకోదు.

"ఏమేం చేస్తున్నవో ఒక్కొక్కటి చేసి చూపెట్టు," అన్నాను మంగ్లితో.

ఆమె సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. కడిగి మళ్లీ కడిగింది. వేడినీళ్లలో గుడ్డ ముంచి, పిండి, కుక్క దగ్గరికి వెళ్లబోయి ఆగిపోయింది. కట్టు కట్టిన చేతిని వెనక్కి పెట్టుకుంది. "మీరు పెట్టున్రి సారు," అని గుడ్డ నాకిచ్చింది.

పెట్టాను. క్షణం ఊరుకుని కాళు కెవ్వున అరిచింది. నేను తడిమినప్పుడు ఊరుకున్నది గుడ్డ పెడితే అరిచింది. కాలిందేమోనని చూశాను, గోరువెచ్చగానే ఉంది. ఆలోచిస్తూ, చెమట కారుతుంటే, అదే గుడ్డతో మొహం తుడుచుకున్నాను.

తర్వాత కాసేపు నేనేం చూశానో చెప్పలేను, ఏమీ చూడలేదు కాబట్టి. కళ్లు, ముక్కు, పెదాలు మండిపోయాయి. సోమ్లి అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. "కుక్క కోసం గింత ఏడ్సే డాక్టరును నేను యాడ చూడలే," అంది.

కళ్లు తెరుచుకున్నాక మంగ్లి చేతులు చూశాను. వేళ్ల సందులు ఎర్రగా పొంగి ఉన్నాయి. పగలంతా మిరపకాయలు తుంచిన చేతులవి. మిరప మంట నీళ్లకూ సబ్బుకూ పూర్తిగా పోదు; నూనెకు లొంగుతుంది. ఆ సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు.

"పిల్లకు పాలిచ్చేటప్పుడు ఏం చేస్తవు బిడ్డా?"

"మంచినూనె రుద్దుకొని పిండితోని తుడుసుకుంట సారు. లేకుంటే పిల్ల తట్టుకుంటదా?"

అంటూనే మంగ్లి నా వైపు, కుక్క వైపు చూసింది.

"మీరే అన్నరు గద సారు. నూనె చుక్క గూడ తగలొద్దని. పిల్లను ముట్టేటప్పుడే నూనె రాసుకున్న, దీని దగ్గరికి పొయ్యేటప్పుడు నూనె ముట్టకుండ ఉత్త సబ్బుతోని కడిగిన. దీనికోసమే కడిగిన."

నేను చెప్పింది తప్పు కాదు. ఆమె చేసిందీ తప్పు కాదు. రెండు ఒప్పులు కలిసి కుక్క కాలి మీద రోజుకు రెండుసార్లు నిప్పు పెట్టాయి. కాళుకు అర్థమైంది ఒకటే. తనకు అన్నం పెట్టిన ఈ చేతులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి కాలుస్తున్నాయి.

ముఠాలో మిరప ముట్టని పెద్ద మనిషి ఒక్కరే ఉన్నారు. పిల్లల్ని చూస్తూ, అందరికీ జొన్నరొట్టెలు చేసిపెట్టే సోమ్లి అవ్వ. నేను ఆమె వైపు తిరిగాను.

"నేనా?" అంది అవ్వ. "నా కాళ్లు ఎవలన్న గిట్ల వత్తిన్రా? కుక్క కాళ్లు వత్తుమంటాన్నవా సారు?"

"నీకు మోకాలి నొప్పి మందులు రాసిస్త అవ్వా."

"పశువుల మందులా?"

"కాదు, మనుషుల డాక్టరుకు చీటీ రాస్త."

అవ్వ గొణుక్కుంటూనే వచ్చి కూర్చుంది. కొత్త గుడ్డ తీసి, తానే పిండి, తొడ మీద పెట్టింది. కాళు బిగుసుకుంది, వాసన చూసింది, మెల్లగా తల నేలకు వాల్చింది. అవ్వ మోకాలిని కొంచెం ముడిచింది. నొప్పికి ఒళ్లు వణికింది గానీ అది కాలు గుంజుకోలేదు. మంగ్లి ఇదంతా పరదా బయట నిలబడి చూసింది. మేస్త్రీతో నేను మాట్లాడాను. కరిచిన కారణం చెబితే, తన అరచేతులు ఒకసారి చూసుకుని, "ఉండనియ్యిన్రి," అన్నాడు.

ఆ తర్వాత ఫోన్లన్నీ సోమ్లి అవ్వవే. "ఇయ్యాల ఇంకింత ముడిసింది. తిండి మాత్రం నాకంటె ఎక్కువ తింటాంది." ఎరుపు తగ్గింది. కొన్ని వారాలకు కాలు నేలకు ఆనింది. మంగ్లి సంగతి అడిగితే ఒకసారి అవ్వ గొంతు తగ్గించింది. "నూనె రాసుకొని పోయింది సారు, రెండు మూడుసార్లు. గుర్రుమన్నది. ఇప్పుడు పోతలేదు. గిన్నెల అన్నమేసి దూరం జరుగుతది, గప్పుడు తింటది."

ఎండలు ముదిరాక అవ్వా మంగ్లీ కాళును తీసుకుని కడ్డీ తీయించడానికి వచ్చారు. ఎక్స్‌రేలో ఎముక చుట్టూ కాలస్ కనిపించింది. అతుకు మీద కట్టే కొత్త ఎముక అది. మత్తు సూది వేసేటప్పుడు అవ్వ పట్టుకుంది. మంగ్లి పిల్లతో గుమ్మం దగ్గరే ఉంది.

కడ్డీ తీసి, కుట్టు వేసి, చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి అడిగింది. "ఇప్పుడు ముట్టచ్చా సారు?"

"ముట్టు."

పిల్లను అత్త చేతికిచ్చి వచ్చింది. మిరప పని అయిపోయి చాన్నాళ్లయినా, ముందు తన అరచేయి తానే వాసన చూసుకుంది. తర్వాత కాళు తల మీద చెయ్యి పెట్టింది. చెవులు నిమిరింది. అక్కణ్నుంచి తొడ మీదికి తెచ్చి, నేను ఎప్పుడో నేర్పినట్టే, మోకాలిని ముడిచింది, చాచింది. మోకాలు పూర్తిగా ముడుచుకుంది. ఇంకోసారి ముడిచింది.

కాళు చెవి కొస అదిరింది.

"మత్తు దిగుతాందా సారు?"

"దిగుతోంది."

అది కళ్లు తెరవకముందే మంగ్లి చెయ్యి తీసేసుకుని గుమ్మం బయటికి వెళ్లిపోయింది.

ఈ కేసు నాకు ఒక ప్రశ్న నేర్పింది. ఇంట్లో చేయాల్సిన వైద్యం చెప్పే ముందు ఇప్పుడు నేను ముందుగా అడుగుతాను: మీరు పగలంతా చేతులతో ఏం పని చేస్తారు? సున్నం కలిపేవాళ్లుంటారు, పురుగుమందు కొట్టేవాళ్లుంటారు. జవాబును బట్టి నా మాట మారుస్తాను. కొందరు ఈ డాక్టరుకు పెళ్లి సంబంధాలు చూసే అలవాటుందేమో అన్నట్టు చూస్తారు, అయినా అడుగుతాను.

కానీ ఆ రోజు మంగ్లి నన్ను అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆటో ఎక్కబోతూ అడిగింది. "బొక్క అతికేదానికి ఇన్ని రోజులు పడుతదని ముందే చెప్పిన్రు సారు. మల్ల నా దగ్గరికి రానీకి ఎన్ని రోజులు పడుతది?"

"తెల్వదు బిడ్డా," అన్నాను.

కాళు కాలు వైపు చూసి, "సరే సారు, నడుస్తాంది గద," అంది. వెనక సీట్లో కూర్చున్న అవ్వ కాళ్ల దగ్గర కాళు పడుకుని ఉంది. మంగ్లి పిల్లను తీసుకుని ముందు, డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంది.