అంచు మిగిలితే చాలు

పొద్దున్నుంచీ ఈ పాత ఫోను నా అరచేతిలో కాలిపోతోంది. సూరత్ దగ్గర కామ్‌రేజ్‌లో సుజాతక్క రేపు తెరవబోయే టిఫిన్ సెంటరు మెనూ ఇందులో తెరుద్దామని చూస్తున్నాను. పేజీకో దోసె, దోసెకో పెద్ద ఫొటో. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది గానీ ఒక్క దోసె కూడా బయటపడటం లేదు. విసుగు రావలసింది పోయి నవ్వొచ్చింది. బరువైన పీడీఎఫ్ అంటేనే కస్సుమనే మనిషి నాకింత బరువైనది పంపింది మరి!

సూరత్‌లోనే అమ్రోలిలో, చీరల కేటలాగులు చేసే చిన్న గదిలో నేను పనికి చేరినప్పుడు ఆవిడ నాకు పెద్ద. సిరిసిల్ల నుంచి చిన్నప్పుడే సూరత్ వచ్చేసింది. మాట గరుకు, మనసు మెత్తన. నేను తినకుండా పని చేస్తుంటే తిట్టి మరీ తన డబ్బా నా ముందుకు తోసేది. ఏ కేటలాగునైనా కంప్యూటర్ మీద చూసి మెచ్చుకునేది కాదు. అద్దం పగిలిన తన ఫోనులో తెరుచుకుంటేనే బయటికి పంపనిచ్చేది. "కొనేటోళ్ళ చేతుల గిసుంటి ఫోనే ఉంటది" అనేది.

నేను సొంతంగా గీసిన తొలి చీరలు కేటలాగులోకి ఎక్కిన రోజు మర్చిపోలేను. సాయంత్రంలోగా ఒక్క ఆర్డరైనా రాకపోతే వాటిని పక్కన పెట్టేస్తానని మా సేఠ్ తేల్చి చెప్పాడు. ఆశంతా జగిత్యాల దగ్గర ఇంట్లోనే చీరలమ్మే పద్మ మీద. తొందరలో అక్క ఫోనులో చూడకుండానే ఫైలు పంపేశాను. వెంటనే పద్మ ఫోన్ చేసింది: "అక్కా, గిది తెరుసుకుంటలేదు. వేరేటోళ్ళ మాల్ చూస్కుంట." కంగారుగా ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో సైటులో ఫైలు మొత్తాన్నీ ఒకేసారి కుదించేశాను. చిన్నదైతే అయింది గానీ, నేను ప్రాణం పెట్టి గీసిన నెమళ్ళు బురదలో పడ్డ కోళ్ళలా తయారయ్యాయి.

"ఏంది పిల్లా, గిట్ల చేసినవ్?" అంది సుజాతక్క. "ఏది తీసెయ్యను అక్కా? అన్నీ కావాలి కదా!" అన్నాను ఏడుపు గొంతుతో. ఆవిడ బీరువాలోంచి నా నెమలి చీర నమూనా తెచ్చి బల్ల మీద పరిచింది. "జర కండ్లు మూస్కో. నువ్వే పద్మవనుకో. చీర ముంగట ఉన్నది. చెయ్యి ఎక్కడికి పోతది?" నా వేళ్ళు తిన్నగా అంచు మీదికి పోయాయి. "గదొక్కటి మంచిగుంచు. మిగిలింది తగ్గియ్యి."

ఇద్దరం ఒక్కో పేజీ ముందేసుకుని కూర్చున్నాం. మోడల్ వెనక ఉన్న కోట ఫొటోను ఫోను తెరకు సరిపోయేంతకు తగ్గించాం. కొన్ని బొమ్మల్లో పైకి ముక్కే కనిపిస్తున్నా, ఫైలు లోపల మొత్తం ఫొటో దాక్కునే ఉంది. వాటిని నిజంగానే కత్తిరించాం. బొమ్మలుగా అతికించిన అక్షరాలను మళ్ళీ టైపు చేశాం. అంచుల జోలికి మాత్రం పోలేదు. నేను ముచ్చటపడి పెట్టుకున్న పూల నేపథ్యాలు పోతుంటే మనసు చివుక్కుమంది. ఆవిడ వీపు నిమిరింది. అందుకే ఆవిడంటే నాకంత ప్రేమ.

ఈసారి అక్క ఫోనులో తెరుచుకున్నాకే మళ్ళీ పంపాం. పొద్దు వాలుతుండగా పద్మ నుంచి ఫోన్ వచ్చింది: "నెమలి అంచుది పంపుండ్రి. దారాలు సుత కనవడుతున్నయ్." ఆర్డరు ఒక్క డిజైనుకే, అయినా నేను గంతులేశాను. "బస్, కూసో. ఇంకోటి షురూ చెయ్" అంటూ సుజాతక్క ముఖం తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదనుకుంది. తను పని మానేసిన రోజు ఈ పగిలిన ఫోను నాకిచ్చి వెళ్ళింది. ఏది వదులుకోవాలో తోచనప్పుడల్లా నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను.

ఇందాక ఆవిడకు ఫోన్ చేశాను. "అక్కా, మెనూ తెరుచుకోవట్లేదు. ఫొటోలు తగ్గించాలి."

"ఎట్ల తగ్గిస్తవే? అన్నీ నా చేత్తోని చేసినయే!" అచ్చం ఆనాటి నా గొంతే.

"జర కండ్లు మూస్కో అక్కా. ప్లేటు ముంగట ఉన్నది. చెయ్యి ఎక్కడికి పోతది?"

అటునుంచి అక్క పగలబడి నవ్వింది. "అల్లం చట్నీ మీదికే!"

చట్నీ గిన్నె ఫొటోను ఉన్నదున్నట్టు ఉంచి, దోసెల ఫొటోలన్నీ తగ్గించాను. పంపేముందు ఆవిడ ఇచ్చిన ఈ ఫోనులోనే తెరిచి చూశాను. ముట్టుకోగానే తెరుచుకుంది. అరచేతిలో ఫోను చల్లగా ఉంది.