భావనపాడులో అమ్మ యాస

నేను విజయనగరానికి బదిలీ అయి వచ్చిన ఏడాదికి, అమ్మను భావనపాడులో పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లే వీలు చిక్కింది. అమ్మ పుట్టింది అక్కడే. తెనాలి కోడలయ్యాక, నోట ‘ఏమిటి’కి బదులు ‘ఏటి’ అని వచ్చినప్పుడల్లా అత్తవారింట్లో పగలబడి నవ్వేవారట. పుట్టింటి మాటను పట్టుచీరలా పెట్టె అడుగున మడిచి పెట్టేసింది. “అక్క నన్నింకా తన మనిషి అనుకుంటుందంటావా?” అని నన్ను ఒకటే సతాయింపు.

ఉదయం ఆరింటి పాసింజరెక్కాం. మూడో తరగతి పెట్టె కిటకిటలాడుతోంది. పొందూరులో ఎక్కిన ముసలమ్మ గంప దించి, “ఓలమ్మా, కుసింత జరగండి, కూకుంటాను. ఎందాకెల్తారేటి?” అంది.

“నౌపడకండీ” అంది అమ్మ పొందిగ్గా.

శ్రీకాకుళం రోడ్డు దాటగానే ముసలమ్మ, “నాను తొంగుంటాను, నౌపడ టేసనొస్తే బేగి లేపండి” అని గంప మీద తల వాల్చింది. అమ్మ ఆ ‘బేగి’ని పెదవులతోనే అనుకుని మురిసిపోవడం చూశాను. పైకి మాత్రం అనలేదు.

నౌపడలో దిగి, ఇడ్లీలు తిని, ఎడ్లబండి కట్టించుకున్నాం. దారి పొడుగునా ఉప్పుమడులే. ఎండకు కళ్లు తెరవలేం, గొడుగు తీసుకెళ్లడం మంచిది. భావనపాడు చేరేసరికి మధ్యాహ్నమైంది.

గడపలో పెద్దమ్మను చూడగానే అమ్మ, “బాగున్నారా అక్కయ్యా? ఆరోగ్యం ఎలా ఉందండీ?” అంది. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. “బాగున్నామండి” అని, వసారాలో చాప పరిచి, చుట్టాలకు వేసినట్టు ఆకులు వేసి, అన్నం, పప్పు వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. అమ్మ ముద్ద కలపకుండా లోపలికి తొంగి చూసింది. వంటింట్లో పెద్దమ్మ ఒక్కతే కూర్చుని చోడంబలి, అదే రాగి అంబలి, తాగుతోంది, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప.

అమ్మ ఆకు ముందు నుంచి లేచి, తిన్నగా వెళ్లి పక్కన చతికిలబడింది.

“ఓలప్పా! నాకెట్టకుండా నువ్వొక్కర్తివీ తాగేస్తన్నావేటి?”

“ఎర్రిమొగమా! ఇన్నాళ్లూ ఏటైపోనావే?” అంటూ పెద్దమ్మ ముంత అమ్మ చేతిలో పెట్టి బావురుమంది. ఇద్దరూ ఏడుస్తూనే తాగారు. నాకు మజ్జిగ పొయ్యాలన్న ధ్యాస ఎవరికీ లేదు. అయినా నేను అంత తృప్తిగా ఎన్నడూ తినలేదు.

రెండు రోజులుండి సాయంత్రం రైలుకు తిరుగుముఖం పట్టాం. భావనపాడు సముద్రమూ, ఉప్పుమడులూ చూడదగ్గవే, తప్పక వెళ్లండి. నేను మాత్రం ఎడ్లబండిలో వాటిని వదిలేసి, రైలెక్కాక కూడా అమ్మనే చూస్తూ కూర్చున్నాను.

“ఏటలా సూస్తన్నావు?” అంది అమ్మ, పెట్టెలో అందరికీ వినబడేలా. “కుసింత జరుగు, తొంగుంటాను.”