షమీమక్క కుట్టిన ఇటలీ కోటు

తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనగానే ఉన్ని కోటులోంచి లేచే వెచ్చని వాసనకు షమీమక్క గుర్తొస్తుంది. మార్కాపురంలో మా వీధి చివరే ఆమె దుకాణం ఉండేది. తండ్రి పోయాక మగవాళ్ల బట్టలు కుట్టే పనిని తనే నడిపింది. అయితే మగవాళ్లకు టేపు పట్టేది కాదు. కొలతకు పాత చొక్కా ఆదిగా ఇవ్వాలి, లేదా ఇంట్లో ఆడవాళ్లు కొలతలు తీసి పట్టుకెళ్లాలి. ఆమె దర్శిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయి రెండేళ్లయింది.

మా ఆయన సుధీర్ పలకరాయి ఎగుమతి ఆఫీసులో పని చేస్తారు. అమెరికా వాళ్లతో బేరాలున్నన్నాళ్లూ వాళ్లలాగే కాలరు మూలలకు గుండీలున్న చొక్కాలు, ఖాకీ ప్యాంట్లు, పసుపుపచ్చ గుండీల నీలం కోటు వేసేవారు. అన్నీ నేను ఎంచినవే. తర్వాత ఇటలీ వాళ్లు కొనడం మొదలుపెట్టి ఆయన్ని అక్కడికి రమ్మన్నారు. అప్పటికి పాపకు నాలుగో నెల. పాప ఊపిరి తీస్తోందో లేదో చూసుకోవడంతోనే నాకు రోజు గడిచిపోయేది. బట్టల సంగతి ఆయన షమీమక్కను అడిగారు.

ఇక ఇంట్లో రోజూ అదే పాట. "కాలరుకు గుండీలొద్దంది అక్క. ప్యాంటు చీలమండ కాడ ఆగాలంట. కోటు భుజాల్లో దూది ఉండగూడదంట." నేను కొన్న చొక్కాలు ఒక్కొక్కటే అట్టపెట్టెలోకి చేరాయి. పాలమరకల నైటీలో నిలబడి అద్దంలో ఆయన్ని చూస్తుంటే ఒళ్లు మండేది.

"అయితే ఇటలీకి పెట్టె గూడా ఆ అక్కనే వచ్చి సర్దమను" అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

షమీమక్క కుట్టే కొత్త కోటుకు కొలతలు నేనే తీశాను. కోపంలో కుడివైపే కొలిచి, ఎడమవైపూ అంతే రాసిచ్చాను. తొడిగి చూస్తే కోటు ఎడమవైపు జారింది. దాన్ని పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"ఎడమ భుజం కొలవలేదు గదా చెల్లె?" అంది షమీమక్క, నా ముఖం చూడకుండానే. "మరిదికి ఆ పక్క దిగువ. పాత కోటులో దూది ఉండె, దాచిపెట్టింది."

"నీకెట్ల తెలుసు?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"రోజూ ఈడ్నే పోతాడు. బ్యాగు ఆ పక్కకే జారుతది. నేను చూసేది చొక్కానే తల్లీ, నీ మొగుణ్ణి గాదు. ఏంది, అట్ల చూస్తావ్?" అని నవ్వి టేపు నా చేతిలో పెట్టింది. "పో, ఈసారి రెండు పక్కలా తీసుకరా."

ఇంటికొచ్చి కొలిచాను. నిజంగానే అరంగుళం తేడా. "చిన్నప్పుడు రాళ్ల లారీ మీంచి పడ్డా. అప్పుడు ఈ భుజం ఎముక విరిగినాది" అన్నారు ఆయన, కదలకుండా నిలబడి. నాలుగేళ్ల కాపురంలో ఆ మాట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఎముక మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేకపోయాను. వీధి చివర దుకాణంలో కూర్చున్న మనిషి దాన్ని నాకంటే ముందే చూసింది.

ఎడమవైపు మాత్రం పల్చటి పొర వేసి కోటును సరిచేసింది షమీమక్క. ఇటలీ నుంచి ఆయన పంపిన ఫొటో చూసి చుట్టాలంతా ఆమె పనితనాన్నే పొగిడారు. ఆయనా అదే అన్నారు. కొలతలు నావని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ అక్క నేర్పిన చూపు నాకు ఉండిపోయింది. నాకంటే ముందు ఆమె చూసిందన్న మంట కూడా, ఇంకా ఆరకుండా.