కనుబొమల నడుమ నెత్తురు దారి

మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, పోయిన శుక్రవారం అరవదేశంలో, అవినాశి దగ్గరి మా ఊళ్ళో కన్నుమూసింది. ఆమె మంచితనం గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాయను. నోరెత్తని వాళ్ళనే మనం మంచివాళ్ళంటాం. మా అత్త నోరెత్తింది. అందుకే రాస్తున్నాను.

కుంపిణీ రోజుల్లో మామ, అంటే ఆమె మొగుడు, అనుమానంతో ఆమె ముక్కు కోశాడు. "ఇంటి సంగతి, ఇంట్లోనే ఉండనీ" అన్నారు కులపెద్దలు. నడివీధిలో పట్టపగలు కోసింది ఇంటి సంగతెట్లా అవుతుందయ్యా? ఇప్పుడు రాణి దొరతనం వచ్చింది. జవాబు మాత్రం ఇంకా రాలేదు.

అప్పుడు నాకు మీసాలు వచ్చిన వయసు. ముక్కులు కట్టే కుమ్మరాయన్ని మా నాయన పిలిపించాడు. ఆయన కత్తి తీస్తుంటే అత్త అంది: "కొంచెం పొడుగ్గా పెట్టు సామీ. మళ్ళా కోస్తే మిగలాల."

ఆయన నుదుటి తోలును ఆకులా కోసి, కిందికి తిప్పి, ముక్కు చోట అతికాడు. పూర్తిగా తెంపలేదు. కనుబొమల మధ్య సన్నటి కాడ వదిలాడు. "దీంట్లోనే నెత్తురు దిగాల. కొత్త తోలు అంటుకొనేదాకా అదమొద్దు. అదిమితే ముక్కు నల్లబడి రాలిపోతాది" అన్నాడు.

ఆ రోజుల్లో ముక్కు మీద ఈగ వాలితే ఆమె చెయ్యి నుదుటికి పోయేది. "నా నుదురు కిందికి కాపురం మార్చిందిరా" అని నవ్వేది.

పుండు ఆరకముందే కులపెద్దలు పిలిచారు. వాళ్ళలో పెద్దాయన మామకు సొంత అన్న. మొగుడి చేత బొట్టు పెట్టించుకొని కాపురానికి పోవాలి, లేకుంటే పుట్టింటికి నిప్పూ నీళ్ళూ ఉండవు. ఇదీ తీర్పు. బొట్టు పెట్టే చోటేది? ఆ కాడ ఉన్న చోటే! మామ బొటనవేలికి కుంకుమ అద్దుకొని వచ్చాడు. గట్టిగా అదిమితే రెండోసారి ముక్కు కోసినట్టే.

అత్త అతని మణికట్టు పట్టుకుంది. "ఈడ నా నెత్తురు నడస్తా ఉంది. నీ గుర్తుకు చోటు లేదు."

"మొగుడుండగా బోసి నుదురా?" అని అరిచాడు పెద్దాయన.

"ఉండాడా బావా? ఏడీ?"

మా ఇంటిని వెలివేశారు. ముక్కు బతికింది. కాడ కోసేముందు కుమ్మరాయన కొత్త ముక్కును సూదితో గుచ్చితే ఎర్రటి చుక్క లేచింది. మా నాయన భోరుమన్నాడు. అత్త ఏడవలేదు.

ఆ తర్వాత మామ వాళ్ళింట్లో ఏ పెండ్లయినా ఆమె పోయేది. పందిట్లోకి రానివ్వరు. వీధి వాళ్ళబ్బ సొత్తు కాదు కదా! ఎదురుగా అరుగు మీద కూర్చొని, ఆ మచ్చేమిటని అడిగిన ప్రతి కొత్త కోడలికీ మామను వేలెత్తి చూపేది. "పోదుం, మరిచిపో అత్తా" అన్నానొకసారి. "వాళ్ళు మరవకుండా చూసేదే నా పని, చుమ్మా, ఊరికే ఉండు" అంది. మామ పోయేదాకా అలాగే చూసింది. ఓర్పు కాదిది, పగ. నేను దానికే చేతులెత్తి మొక్కుతాను.

శుక్రవారం ఆ పెద్దాయన కర్ర ఊతంగా వచ్చాడు. "మొగం మీద గుడ్డ కప్పండప్పా, ఆ ముక్కు వీధిలో ఎందుకు?" అన్నాడు. ఎవరో అప్పటికే కప్పబోయారు. నేను గుడ్డను గొంతు దాకా లాగాను.

"మా అత్త ఇట్లే వస్తాది, పెద్దమామా. మీ వీధి మీదుగానే."

పాడె ఎత్తాం. ముందు నడుస్తుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. నిట్టనిలువు ఎండలో అత్త మొహం ఆకాశానికి తెరిచి ఉంది.