కనకం పిన్ని కాళ్ళు

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలు చాలామంది కనకం పిన్ని కాళ్ళ మీద పడుకున్నవాళ్ళే. ఆవిడ బాత్రూంలో చెక్కపీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా మడిచి, రెండు కాళ్ళూ బారుగా చాపుతుంది. వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో నీళ్ళు పోస్తుంది. ఇప్పుడు ఇంజన్లు నడుపుతున్న మగాళ్ళు కూడా దారిలో ఆవిడ ఎదురైతే పక్కకు తప్పుకుంటారు. "నీ పిర్ర మీద మచ్చ నాకు తెల్దేటిరా?" అంటుంది మరి, పదిమందిలో.

ఆవిడ పలాస వైపు నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. భర్త పైడిరాజు రైలింజన్లు బాగుచేసే షెడ్డులో ఖలాసీ. ఈ పని అత్తగారు నేర్పిందట. నీళ్ళు కలిపాక మొదటి చెంబు తన కాళ్ళ మీద పోసుకుంటుంది, ఆ తర్వాతే బిడ్డ మీద. "సెయ్యి అబద్ధమాడతాదే. పొయ్యి కాడ కాలి కాలి మొద్దుబారిపోయినాది. సీర సాటునుండే కాలు నిజం సెప్తాది" అనేది. బొగ్గుల కుంపటి మీద బిందె కాగిన రోజుల్లోనూ, బకెట్లో కరెంటు రాడ్డు వేసుకున్న రోజుల్లోనూ, గీజర్లు వచ్చాక కూడా ఆవిడ పద్ధతి అదే. ఏ బిడ్డ ఒళ్ళూ కందలేదు.

భర్త పోయాక, ఊళ్ళోనే తెలిపారా అనే పేటలో కొడుకు అద్దె ఇంట్లో వెనక గది ఆవిడది. కోడలితో మాట కలవదు. మనవలకు తెలుగు రాదు. "ఆ గదిలో మూటనాగ పడున్నానే శాంతా" అంది ఒకసారి నాతో. ఎవరింట్లోనైనా పురుడొస్తేనే ఆవిడకు బయటకు దారి.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మాయి నీలవేణి పురిటికొచ్చి, బిడ్డను కని, మళ్ళీ లేవలేదు. అల్లుడికి కోర్బాలో ఉద్యోగం. పసిదాన్ని ఒక్కడూ చూసుకోలేడు కాబట్టి అది నా దగ్గరే ఉంది. మా ఆయన సూర్యం డ్యూటీకి వెళితే ఇంట్లో నేనూ అదీ. నేను గేటు దాటడం మానేశాను. ఎదురైన ప్రతివాళ్ళూ "అయ్యో" అంటారు, ఆ మాట మోయలేకపోయాను. పెద్దకర్మ కాగానే చుట్టాలందరూ వెళ్ళిపోయారు. కనకం పిన్ని మాత్రం పిలవకుండానే పొద్దున్నే ఆటో దిగేది. అయ్యో అనలేదు. "నీళ్ళెట్టినావా?" అంది, అంతే.

ఆ చలికాలంలో ఒక పొద్దున స్నానం అయ్యాక బిడ్డను తువ్వాలులోకి అందుకుంటున్నాను. ఆవిడ ఎడమకాలి మీద, మోకాలికి జానెడు కింద, పెద్ద బొబ్బ కనిపించింది. చితికి, తోలు పక్కకు జరిగి ఉంది.

"పిన్నీ, కాలికేటైంది?"

"ఏటవుతాది?" వంగి చూసింది. చూశాకే ఆవిడకు తెలిసింది. "ఓలమ్మ! ఏ పురుగు కుట్టినాదో."

"పురుగు కాదు. కాలింది."

"కాలితే తెల్దేటే నాకు? నిన్న సాయంత్రం మా ఇంట్లో గీజరు పంపు కింద కాళ్ళు కడుక్కున్నాను, అంతే."

బిడ్డను ఉయ్యాల్లో వేసి, చన్నీళ్ళు నింపిన స్టీలు గ్లాసు తెచ్చాను. "కళ్ళు మూసుకో పిన్నీ. గ్లాసు కాలికి తగలగానే చెప్పు."

"అచ్ఛా, ముసల్దానితో ఆటలేటే?" అంటూ మూసుకుంది.

బాగున్న కాలికే, పిక్క పక్కన, గ్లాసు ఆనించి పట్టుకున్నాను. బయట ఏదో ఇంజను కూత వేసుకుంటూ పోయింది.

"గ్లాసెట్టవే! ఎంతసేపు?" అంది.

గ్లాసు అలాగే ఆనించి పట్టుకుని ఉన్నాను. ఆవిడే కళ్ళు తెరిచి గ్లాసును చూసింది, నా ముఖం చూసింది, చీర కిందికి లాగేసుకుంది.

అప్పుడే నాకు తట్టింది. ఆ పొద్దున కరెంటు పోయి మా గీజరు సరిగా కాగలేదు. అందుకే నా మనవరాలి ఒంటికేమీ కాలేదు.

బిడ్డను ఎత్తుకుని, చాలా రోజులకు గేటు దాటి, పిన్నిని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కట్టు కట్టిన నర్సు రజిని మన తెలుగుపిల్లే. "షుగర్ కదా అమ్మమ్మా, నరాలు సున్న్ అయిపోయాయి, మొద్దుబారాయి. ముందు పాదాలు, తర్వాత పిక్కలు. వేడీ తెలీదు, ముల్లూ తెలీదు" అంది. పిల్లలకు ఈ కాళ్ళ మీదే స్నానం చేయిస్తుందని నేను చెప్పేసరికి ఆ అమ్మాయి చేతిలో పని ఆగిపోయింది.

"బాప్ రే! ఆంటీ, పసిపిల్లల చర్మం మనదానికన్నా పల్చన. మనకు హాయిగా ఉన్న వేడి వాళ్ళకు బొబ్బ. మన ఒంటి వేడంత చాలు, ముప్పయ్యేడు డిగ్రీలు. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు. అడుగు దాకా కలిపి మోచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండాలి, వేడి అనిపించకూడదు. గీజరు అందరూ ఫుల్లులో పెడతారు, యాభైకి దించండి. అరవైలో ఉన్న నీళ్ళు పెద్దవాళ్ళనే క్షణాల్లో కాల్చేస్తాయి."

"నువ్వు పుట్టినప్పుడు నీళ్ళు పోసింది నానే" అంది కనకం పిన్ని.

"అప్పుడు మీ కాళ్ళు బాగున్నాయి అమ్మమ్మా" అంది రజిని మెల్లగా.

తిరుగు దారిలో ఆటోలో నా చేయి పట్టుకుంది. "ఎవరికీ సెప్పకే. జగన్నాథం కోడలు పురుడోసుకున్నాది, ఎల్లుండి నీళ్ళు పొయ్యడానికి మాటిచ్చినాను. ఇది తెలిస్తే ఇంకెవుడు పిలుస్తాడు? ఆ గదిలో పడి సావాలి."

చెబితే ఆవిడ తలుపు నేనే మూసినట్టు. చెప్పకపోతే ఆ ఇంటి బిడ్డ ఒళ్ళు. ఎటు తిరిగినా గోడే.

మర్నాడు కట్టుకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని వచ్చింది. పీట మీద కూర్చుని, అలవాటుగా ముందు వేడినీళ్ళ పంపే తిప్పింది. పైన కాస్త చన్నీళ్ళు పట్టింది. ఒక చెంబు మంచి కాలి మీద పోసుకుని, "బాగున్నాయి. ఇయ్యే గుంటని" అంది.

నేను బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇవ్వలేదు.

"ఇయ్యే!"

ఆవిడ పీట మీద నుంచి తనంతట తాను లేవలేని మనిషి. ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. నా రెండు చేతుల్లో బిడ్డ ఉంది.

"నీ కూతురు ఈ కాళ్ళ మీదే పెరిగినాది. దానికేటైనా అయినాదా?"

"లేదు పిన్నీ."

"మరి?"

"నాకిదొక్కటే మిగిలింది" అన్నాను.

ఆవిడ బకెట్ నా వైపు జరిపింది. "అయితే నువ్వే సూడు, ఆ నర్సు గుంట సెప్పినట్టు."

బిడ్డను గదిలో పడుకోబెట్టి వచ్చి మోచెయ్యి ముంచాను. చటుక్కున లాగేసుకున్నాను.

"అంత వేడేటే?"

తల ఊపాను. ఆవిడ తన కాలు చూసుకుంది. నీళ్ళు పడిన చోట ఎర్రగా కమిలింది. ఆ కాలిని పంపు కింద పెట్టి చన్నీళ్ళు వదులుతూ కూర్చున్నాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ముందు చన్నీళ్ళు పట్టి, నేనే నీళ్ళు కలిపాను. పిల్లను ఆవిడే కాళ్ళ మీద వేసుకుని తోమింది.

జగన్నాథం గారింటికి నన్నూ రమ్మంది. ఆ అయ్యోలు వినలేక రానన్నాను. "అయితే ఒక్కద్దాన్నే పోతాను" అంది. ఇంకేం చేస్తాను? మర్నాడు సూర్యానికి రెస్టు. పిల్లను ఆయనకు అప్పజెప్పి వెళ్ళాను.

"మా శాంతకి ఈ పని నేర్పుతున్నాను" అని చెప్పింది వాళ్ళతో. బాలింత ప్రత్యూష నా వైపు జాలిగా చూసింది. నేను బకెట్ వైపు చూశాను. ఆ ఇంట్లో గీజరు ఫుల్లులోనే ఉంది. నీళ్ళు అప్పటికే పట్టి పెట్టారు, పొగలు వస్తున్నాయి.

మోచెయ్యి పెట్టి, "ఇంకా చన్నీళ్ళు కావాలి" అన్నాను.

"చల్లారిపోవూ? బిడ్డకు చలేస్తుంది" అంది ప్రత్యూష అత్తగారు. "కనకమ్మా, నువ్వు చెప్పు. నీ కాలి మీద పోసుకో, చాలు."

పిన్ని చెంబు ముంచింది. కాళ్ళ దాకా తెచ్చింది. అందరూ ఆవిడ నోటి మాట కోసం చూస్తున్నారు. బాగున్నాయి అంటే చాలు, బిడ్డను అందిస్తారు.

చెంబు కింద పెట్టేసింది.

"నా కాళ్ళకి తెల్దమ్మా" అంది. "సచ్చిపోయినాయి. ఈవిడ మాటినండి."

అత్తగారు బిడ్డను గుండెకు అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ప్రత్యూష వాళ్ళ అమ్మకు ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళింది. నీళ్ళు ఎలా కలపాలో, గీజరు ఎంతలో ఉంచాలో నేను చెప్పాను. విన్నారు. "మేమే పోసుకుంటాంలెండి" అన్నారు, మర్యాదగానే.

పిన్నికి చెయ్యి ఇచ్చి పీట మీద నుంచి లేపాను.

ఆటోవాడు తెలిపారా వైపు తిప్పబోతే ఆవిడ అతని భుజం తట్టి, మా క్వార్టర్ల దారి చూపించింది. "గుంట లేచుంటాది" అంది నాతో. నా మనవరాలు ఇప్పుడిప్పుడే మెడ నిలుపుతోంది. అది కూర్చోవడం వస్తే స్నానానికి పీట చాలు, ఎవరి కాళ్ళూ అక్కర్లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆటో పోతూనే ఉంది.